ఆమెకు రావాల్సిన సీటు

గల్ఫ్‌లో బండి నడపడానికి వెళ్తున్న కుర్రాళ్లు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. లైసెన్సు టెస్టు ఎన్నిసార్లు పోతుంది, ఏ రోడ్డు మీద కెమెరాలుంటాయి, రూమ్‌లో వంట ఎవరు చేస్తారు అని అడుగుతారు. అవన్నీ వెళ్లిన నెల రోజుల్లో మీకే తెలుస్తాయి బాబూ. ఎవరూ అడగని సంగతి ఒకటుంది, అది రాస్తాను. పక్క సీట్లో కూర్చున్న మనిషిని చూసి కుళ్లుకోవడం ఎలా ఉంటుందో, దానివల్ల మనిషి ఎంతదాకా దిగుతాడో. బండి నడపడం ఎంత వచ్చో నాకు ఆ విద్య కూడా అంతే వచ్చు.

మాది జగిత్యాల పక్క ఊరు. ఒమన్‌కు సెంట్రింగ్ పనికని వెళ్లి, ఎండకు ఆగలేక లైసెన్సు తీసుకుని డ్రైవర్నయ్యాను. చివరి పంతొమ్మిదేళ్లు మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో ఉన్న ఒక చిన్న టూరిస్టు కంపెనీలో చేసి, నిరుడే రిటైరై వచ్చేశాను. మా కంపెనీ కడుపు నిండేది ఒకే ఒక్క రకం మనుషుల వల్ల. ఆఫ్రికాలో సింహాలను చూడటానికి వెళ్లేవాళ్లు మస్కట్‌లో విమానం మారతారు. మారేటప్పుడు ఒక రోజు ఆగితే ఈ ఊరు కూడా చూసినట్టవుతుందని ఆశపడతారు. ఆ ఒక్క రోజును వాళ్లకు చూపించడమే మా పని.

ఒక్క రోజులో ఊరు చూపించడం తేలికేం కాదు. పొద్దున దిగినవాళ్లను హోటల్లో పడుకోనివ్వకూడదు. పడుకున్నారా, మధ్యాహ్నం దాకా లేవరు, రోజు పోయినట్టే. స్నానం, టిఫిను, నేరుగా పెద్ద మసీదు. అక్కడ మనలాంటి సందర్శకులను పదకొండు దాకానే లోపలికి పోనిస్తారు. ఆడవాళ్లు తలా చేతులూ కప్పుకోవాలి కాబట్టి నా డిక్కీలో నాలుగు పెద్ద చున్నీలు ఎప్పుడూ ఉండేవి. ఎండ ముదిరాక భోజనం, కునుకు. సాయంత్రం మత్రాలో సముద్రపు ఒడ్డు, బజారు, వేడి హల్వా. ఓపికున్నవాళ్లకు, గంట పైగా దూరంలో ఉన్న చేపల రేవు ఖురియాత్ దాకా ఒక తిరుగుడు. పంతొమ్మిదేళ్లలో ఈ వరుస మార్చి బాగుపడ్డ రోజు నాకు ఒక్కటి కూడా గుర్తులేదు.

మర్నాడు తెల్లవారుతుండగా వాళ్లను ఎయిర్‌పోర్టులో దించేవాణ్ని. కొత్త టోపీలు పెట్టుకుని, మెడలో బైనాక్యులర్లు వేసుకుని లోపలికి వెళ్లిపోయేవాళ్లు. నేను ఖాళీ బండితో ఘుబ్రాలో ఉన్న రూమ్‌కు వచ్చేవాణ్ని. "మీరు చూశారా అన్నా సింహాలను?" అని ప్రతి గుంపులో ఒకరైనా అడిగేవారు. మొదట్లో లేదు సార్ అనేవాణ్ని. తర్వాత్తర్వాత, టైం దొరకలేదు సార్ అనడం నేర్చుకున్నాను. టైం ఒక్కటే నాకు అడ్డమైనట్టు.

మేము అంతమందిని పంపిస్తామని, అక్కడి సఫారీ కంపెనీవాళ్లు ఏడాదికొక సీటు ఊరికే ఇచ్చేవాళ్లు. మాలో ఒకరు వెళ్లి వాళ్ల జీపులు, బసలు చూసొస్తే ఇక్కడ నలుగురికి చెప్తారని వాళ్ల ఆశ. ఈ లైన్లో ఇది మామూలే. ఏటా ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాళ్లే ఆ సీటెక్కి వెళ్లి, సింహం పక్కన ఉన్నట్టు ఫోటోలు తెచ్చి నా మొహాన చూపించేవాళ్లు. నా రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుందనగా మా అర్బాబ్, అంటే మా యజమాని, ఈసారి సీటు బండి మీద తిరిగేవాళ్లలో ఒకరికి ఇస్తానన్నాడు. బండి మీద తిరిగేవాళ్లలో నాకంటే పాతవాడు లేడు. ఆ రోజు రూమ్‌లో కోడికూర నా ఖర్చే.

సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది.

ఆమెది కడప జిల్లా. అర్బాబ్ ఇంట్లో పదకొండేళ్లు పనిచేసింది. వంట, ఇల్లు, అన్నిటికంటే ముఖ్యంగా అర్బాబ్ తల్లి సేవ. గల్ఫ్ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు యజమానురాలిని మామా అంటారు. ఈ మామా చిన్నతనమంతా ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో గడిచింది. మస్కట్‌లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పెద్దవాళ్లకు అరబ్బీ కంటే ఆఫ్రికా వైపు మాట్లాడే స్వాహిలీ భాషే నోటికి దగ్గర. పొద్దస్తమానం ఆ ముసలావిడ పక్కనే ఉండి, ఉల్లిపాయలు తరుగుతూ, కాళ్లు పడుతూ, ఈ కడప మనిషి ఆ భాష నేర్చేసుకుంది. చదువు ఐదో తరగతి. ముసలావిడ పోయాక ఇంట్లో ఆమెకు పని లేకుండా పోయింది. ఇంటికి పంపించేయడానికి అర్బాబ్‌కు మనసొప్పక, టూరిస్టు కుటుంబాలకు తోడుగా ఉండమని నా బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

మొదటి రోజు నేను నవ్వుకున్నాను. వంటమనిషి ఊరేం చూపిస్తుందిలే అనుకున్నాను. వారం తిరక్కముందే నవ్వు పోయింది. వచ్చేవాళ్లందరి మనసూ ఆఫ్రికా మీదే కదా. ఆమె వెనక్కి తిరిగి, నిదానంగా అనడానికి పోలే పోలే అనాలి, థాంక్స్‌కు అసాంతే అనాలి, సింహాన్ని సింబా అంటారు అని చెప్తుంటే బండిలో పిల్లా పెద్దా అందరూ బడిపిల్లల్లా వల్లించేవాళ్లు. కొండల మీద కోట ఎవరు కట్టారో నేను చెప్తుంటే కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టేవాళ్లు. జంతికల పొట్లం విప్పితే మొదటి చెయ్యి ఆమెకు. ఫోటోల్లో మధ్యలో ఆమె. ఆ ఫోటో తీసేది నేను. వెళ్లేటప్పుడు రాసిచ్చే కాగితాల్లో ఆమె గురించి పదేసి లైన్లు, ఆఖర్న 'డ్రైవర్ కూడా మంచివారు' అని ఒక ముక్క. ఆ 'కూడా'ను తలుచుకుని నేను రాత్రుళ్లు పళ్లు నూరుకున్నాను.

సిగ్గు విడిచి ఇంకోటి చెప్తాను. రూమ్‌లో దుప్పటి కప్పుకుని ఫోన్లో స్వాహిలీ పాఠాలు విన్నాను. పక్క మంచం నిర్మల్ అతను, "ఏందే మామా, గీ వయసుల బడికి వోతున్నవా?" అని ఎగతాళి చేశాడు. పది రోజులు కష్టపడి నేర్చుకున్న ఒక ముక్కను ఒకరోజు టూరిస్టుల ముందు వదిలాను. ఆమె చాలా మెల్లగా, "అట్ల కాదన్నా, ఇట్లనల్ల" అని సరిదిద్దింది. ఎగతాళి చేసినా ఊరుకునేవాణ్నేమో. మర్యాదగా సరిదిద్దడమే నా కడుపులో మంట పెట్టింది.

ఒకరోజు అర్బాబ్ ఇద్దరినీ పిలిచాడు. హైదరాబాద్ నుంచి ముగ్గురు వస్తున్నారు, భార్యాభర్తలు, ఆవిడ అక్క. "ఈసారి ప్లాను మొత్తం ఆమెది" అని నాతో హిందీలో అన్నాడు. "నువ్వు బండి నడుపు, చాలు. ఇది బాగా చేస్తే సీటు ఆమెకే ఇద్దామనుకుంటున్నా. ఆమెకు అక్కడి భాష వచ్చు కదా." నేను తలూపాను. పంతొమ్మిదేళ్లు నడిపిన స్టీరింగు ఆ పూట చేతికి పరాయిదిగా అనిపించింది. ఆమె మొహం మాత్రం దీపం పెట్టినట్టయింది. ఈ ముసల్ది కాని ముసల్దానికి సింహాలెందుకు అనుకున్నాను. ఆమెకు యాభై కూడా లేవు, నాకు అరవై.

ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, రేపటికి ఇట్ల అనుకుంటాండా. పొద్దున్నే సల్లగున్నప్పుడు ఖురియాత్ పోయి సముద్రం, చేపలు సూపిద్దాం. తిరిగొచ్చేటప్పుడు మసీదు. పదకొండున్నర అయితాది. ఏమన్నా ఇబ్బంది ఉంటాదా?"

నా బండిలో ఎప్పుడు వచ్చినా పొద్దున్నే వచ్చేవాళ్లం, మసీదు గేటు మూయడం ఆమె ఎన్నడూ చూడలేదు. సందర్శకుల వేళలు తెలిసే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు. నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

"ఏం గాదు చెల్లే" అన్నాను. "పదకొండున్నరకు వోయినా నడుస్తది."

"నువ్వు చెప్తే సాలన్నా" అని వెళ్లిపోయింది.

మర్నాడు ఖురియాత్‌లో ఆ ముగ్గురూ బాగా సంతోషపడ్డారు. పడవల్లోంచి దించుతున్న ట్యూనా చేపలు మనిషంత పొడుగున్నాయి. భార్యాభర్తలు ఫోటోల్లో మునిగిపోయారు. పెద్దావిడ మాత్రం గోడ నీడలో నిలబడి మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది. ఆవిడ రిటైరైన డ్రాయింగ్ టీచరు. "మసీదులో తివాచీ ఉందటగా, అంత పెద్ద హాలు మొత్తానికీ ఒకటే తివాచీ. చేత్తో నేశారట. మా పిల్లలకు బొమ్మ గీసి చూపించేదాన్ని. ఎప్పుడు వెళ్తాం బాబూ?" అని నన్నడిగింది.

అప్పుడు తొమ్మిదిన్నర కావస్తోంది. వెంటనే బయల్దేరితే అందుకోవచ్చు. చెప్పేద్దామని నోరు తెరిచాను, ఒట్టు. అంతలో ఆవిడ సంచిలోంచి సున్నుండల డబ్బా తీసి కడప ఆమె చేతిలో పెట్టి, "నీకోసమే ఉంచానమ్మా, డ్రైవర్‌కి కూడా ఒకటివ్వు" అంది. మళ్లీ ఆ 'కూడా'. నేను నోరు మూసుకున్నాను. సున్నుండ మాత్రం తిన్నాను. నేతిది, చాలా బాగుంది.

మసీదు గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండూ ఇరవై ఐదు. కాపలా అతను చెయ్యి అడ్డం పెట్టాడు. రేపు ఎనిమిదికి రమ్మన్నాడు. ఆమె అరబ్బీలో బతిమాలింది. అతను మర్యాదగానే తల అడ్డంగా తిప్పాడు. రేపు ఎనిమిదికి ఈ ముగ్గురూ ఆకాశంలో ఉంటారు.

పెద్దావిడ అప్పటికే నా డిక్కీలోని చున్నీ తలచుట్టూ కప్పుకుని సిద్ధంగా ఉంది. ఆ చున్నీ మెల్లగా విప్పి మడతపెట్టింది. "నేను సింహాల కోసం రాలేదమ్మా" అంది, ఎవరినీ నిందించకుండానే. "వీళ్లిద్దరూ ఆఫ్రికా వెళ్తుంటే, దారిలో ఇది చూడొచ్చు కదాని వెంట వచ్చాను. నాకు ఈ ఒక్క రోజే అసలు ప్రయాణం." ఆవిడ చెల్లెలు మాత్రం ఊరుకోలేదు. ఇంత కూడా తెలియకుండా ఏం కంపెనీ, ఏం గైడు అని కడప ఆమెను గేటు ముందే కడిగి పారేసింది. బండెక్కేటప్పుడు కడప ఆమె అద్దంలోంచి నా వైపు ఒకసారి చూసింది. నేను ఇండికేటర్ వేసి రోడ్డు చూసుకున్నాను.

కడుపుమంట చల్లారుతుందనుకున్నాను. అబ్బే. సాయంత్రం మత్రాలో అదే పెద్దావిడ, అంత దెబ్బ తిన్నాక కూడా, ఆమె చెయ్యి పట్టుకునే నడిచింది. నేను వెనకాల సంచులు మోశాను.

వాళ్లు రాసిచ్చిన ఫిర్యాదు అర్బాబ్ బల్ల మీదికి వెళ్లింది. ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. ఆమె తలొంచుకుని, "తప్పు నాదే అర్బాబ్, వేళ తెలుసుకోలేదు" అంది. అర్బాబ్ నా వైపు తిరిగాడు. "నీకు తెలుసు కదా, నువ్వెందుకు చెప్పలేదు?" నేను ముందే సిద్ధం చేసుకున్న మాటను ఒప్పజెప్పాను. "ప్లాను ఆమెది, నువ్వు బండి నడిపితే చాలని మీరే అన్నారు కదా." అతను కాసేపు పెన్నుతో బల్లమీద కొట్టాడు. "ఖలాస్" అన్నాడు, అంటే ఇక అయిపోయిందని. "సీటు నువ్వే తీసుకో."

ఇంతకాలం కోరుకున్నది చేతికొచ్చింది. రూమ్‌లో కోడికూర వండాలని ఈసారి తోచలేదు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు బండి కడుగుతుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఏమనాలో తెలియక, నా నోటికి అడక్కూడనిదే వచ్చింది.

"నన్ను అడిగినట్టు అర్బాబ్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏమయితాది? నీకూ రాదు, నాకూ రాదు. మళ్ల ఆఫీసోళ్లే పోతారు" అంది. "వాళ్లు నా పని చెయ్యరన్నా. చేసినా వచ్చి అర్బాబ్‌కు చెప్పేచ్చారు. నువ్వు చెప్పవు."

"నేను చెప్పనని నీకేం ఎరుక?"

"చెప్పకుండా ఉండేది నీకు బాగా వచ్చు కదన్నా."

నా చేతిలో పైపులోంచి నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. ఆమె వంగి కుళాయి కట్టేసి, అప్పుడు చెప్పింది. సింహాల మాట ఆమె మనసులో ఏనాడూ లేదు. మామాకు ఒక చెల్లెలుంది, సఫారీకి వెళ్లేవాళ్లు విమానం దిగే దారెస్సలాంలో. చిన్నప్పుడు కుటుంబమంతా పడవెక్కి ఇటు వచ్చేస్తే, ఆ చెల్లెలు అక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయింది. తర్వాత ఒక పెళ్లి సంబంధం విషయంలో మాటామాటా పెరిగి అర్బాబ్ ఆ ఇంటితో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నాడు. తల్లి పోయిన కబురు కూడా ఎవరి చేతో చెప్పించాడే గానీ తను మాట్లాడలేదు. వాళ్ల పేరెత్తితే ఆమెకు ఉద్యోగం ఉండదు. అందుకే సీటు ఎందుకు కావాలో అర్బాబ్‌కు చెప్పుకోలేకపోయింది. వాళ్ల ఫోన్ నంబరు ఆమె దగ్గర లేదు, మామా నోట విన్న వీధి పేరొక్కటే ఉంది.

"మామా చివరి పది రోజులు అరబ్బీ మరిచేపోయినాదన్నా. కొడుకును గుర్తుపట్టలే. నన్ను సూసి వాళ్ల చెల్లెలనుకున్నాది. ఆ పేరు పెట్టే పిలిచి, చెయ్యి పట్టుకోని, రాత్రీ పగలూ ఏమేమో చెప్పినాది. తిట్టినాది, నవ్వినాది. నేను ఊఁ కొట్టినా. ఆ మాటలు నాయి కావన్నా. ఎవురివో నా దగ్గర ఉండిపోయినాయి. వాళ్లకు ఇచ్చేయల్ల."

"నాకు చెప్పు. నేను వోయి చెప్త" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నీకు యాడొచ్చు ఆ భాష? నువ్వు ఇల్లు కనుక్కోని ఫోన్ కలిపి పట్టుకో. అంతే నీ పని."

సీటు ఆమెకు తిరిగి ఇచ్చేద్దామా అని అనిపించిందా అంటే, అనిపించింది. అర్బాబ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్తే సరిపోయేది. మీరు మంచివాళ్లయితే వెళ్లి ఉండేవాళ్లు. నేను వెళ్లలేదు. టోపీ కూడా కొనేసుకున్నాను.

ఇక తర్వాత సంగతులు ముందే చెప్పేస్తాను, అడుగుతారు కాబట్టి. సింహాలను చూశాను. ఏడు. ఒక చెట్టు కింద పడుకుని ఉన్నాయి, మమ్మల్ని లెక్కచేయలేదు. తిరిగొచ్చాక అర్బాబ్‌తో మసీదు సంగతి ఒప్పుకున్నాను, చెల్లెలి సంగతి మాత్రం ఎత్తలేదు. అతను వచ్చే ఏడు సీటు ఆమెకేనన్నాడు. వచ్చే ఏటికి ఆ సఫారీ కంపెనీ చేతులు మారి, సీటివ్వడం మానేసింది. ఆమె ఇప్పటికీ అక్కడే చేస్తోంది. దారెస్సలాం ఆమె చూడలేదు, చూస్తుందని కూడా అనుకోను. నేను అసలు చెప్పదలుచుకున్నది సింహాలకు ముందు రోజు గురించి.

సఫారీకి ముందు దారెస్సలాంలో నాకు ఒక రోజు ఆగుడు. పంతొమ్మిదేళ్లు జనానికి నేను చూపించిన రోజు లాంటిదే, ఈసారి నాకోసం. వెనక సీట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. అక్కడి డ్రైవరు మంచివాడు, హిందీ ముక్కలు నాలుగు వచ్చు. మ్యూజియం, చేపల బజారు, నల్లచెక్క బొమ్మలు చేసే చోటు, సాయంత్రం సముద్రం అని వరుస చెప్పాడు. నా వరుస కంటే బాగుందని కుళ్లు కూడా పుట్టింది. ముందు ఒక పది నిమిషాల పని ఉందని చెప్పి, ఆమె రాసిచ్చిన వీధి పేరు చూపించాను.

ఆ వీధిలో అడిగితే ఇల్లు తేలిగ్గానే దొరికింది. ఇంటి కోడలు తలుపు తీసింది. నా డ్రైవరు ఆమెకు విషయం చెప్పి, తన ఫోన్ నుంచి నాకు నెట్ ఇచ్చి, గుమ్మం బయట కూర్చున్నాడు. లోపల, పూలపూల గుడ్డ భుజాల మీద కప్పుకుని ఒక ముసలావిడ కుర్చీలో ఉంది. మేము రూముల్లో ఇంటికి మాట్లాడుకోవడానికి వాడే వీడియో కలిపి, ఫోన్ ఆవిడ ముందు పెట్టాను. చేతుల్లోకి తీసుకోబోయింది గానీ ఆవిడ చేతులు బాగా వణుకుతున్నాయి. అందుకని నేనే పక్కన మోకాళ్ల మీద కూర్చుని పట్టుకున్నాను.

మస్కట్ నుంచి ఆమె మొదలుపెట్టింది. నా బండిలో పోలే పోలే అని నేర్పే గొంతు కాదు అది. వేరే ఎవరిదో, ముసలి గొంతు, దబాయింపుగా, మధ్యమధ్య దగ్గుతో సహా. ముసలావిడ వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఏడ్చింది. తర్వాత ఏదో మాటకు కుర్చీ కదిలిపోయేలా నవ్వింది, నవ్వుతూనే ఫోన్‌ను తిట్టింది. అటు నుంచి ఆమె కూడా తిట్టింది. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు. నా కళ్లముందే అక్కాచెల్లెళ్లు పోట్లాడుకున్నారు.

పది నిమిషాలు గంటయింది, గంట రెండయింది. నా మోచెయ్యి పట్టేసింది. చెయ్యి మార్చుకుంటే, అడ్డం రావద్దన్నట్టు ముసలావిడ నా మణికట్టు పట్టి సరిచేసింది. మ్యూజియం పోయింది, బొమ్మలు పోయాయి. ఆ గదిలో నేనొక మేకును, ఫోన్ తగిలించుకోవడానికి. అంత జాలిగొలిపే చోట కూడా నాకు ఏమనిపించిందో నిజం రాస్తాను. అసూయే అనిపించింది. సీటు లాక్కున్నవాణ్ని నేను. అక్కడిదాకా వచ్చినవాణ్ని నేను. అయినా అక్కడికి చేరింది ఆమె. నా అరవై ఏళ్లలో ఎవరూ నా మాట కోసం అట్లా ముందుకు వంగి కూర్చోలేదు.

ఆఖరికి మాటలు అయిపోయినట్టున్నాయి. ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. కోడలు నా పక్కన స్టూలు మీద టీ పెట్టి వెళ్లింది. అప్పుడు ముసలావిడ నన్ను మొదటిసారి సరిగ్గా చూసి, ఫోన్ వైపు తిరిగి ఏదో అడిగింది.

"అన్నా" అని తెలుగులో పిలిచింది ఆమె. "నువ్వెందుకు రాలేదు, ఈయన్నెందుకు పంపినావు అని అడుగుతాంది. ఏం చెప్పమంటావు?"

సెలవు దొరకలేదని చెప్పమనవచ్చు. కాగితాల ఇబ్బంది అని చెప్పమనవచ్చు. ఆమె నేను ఏది చెప్పమంటే అది చెప్పేది, నాకు తెలుసు. అందుకే అడిగింది కూడా.

"ఉన్నది చెప్పు" అన్నాను. "ఆ సీటు నాదేనని, ఈయన అబద్ధం చెప్పి గుంజుకున్నడని చెప్పు. నువ్వంటే కుళ్లు పుట్టి గట్ల చేసిండని చెప్పు."

"అంతా చెప్పాల్నా?"

"అంతా చెప్పు."

ఆమె చెప్పింది. ఆ భాషలో నా తప్పు చాలా చిన్నగా ఉంది, నాలుగైదు ముక్కల్లో అయిపోయింది. నేను తల దించుకున్నాను, ఫోన్ మాత్రం దించలేదు. ముసలావిడ మాట్లాడటం మొదలుపెట్టింది. నన్నే చూస్తూ, వేలు చూపిస్తూ, ఆగకుండా మాట్లాడింది. కోపమో, నవ్వో, జాలో నాకు అంతుపట్టలేదు. మధ్యలో ఒకసారి నా తల మీద చెయ్యి వేసింది, మళ్లీ తీసేసింది. ఫోన్లో ఆమె వింటూ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఉంది. మాటలు ఆగాయి.

"ఏమన్నది చెల్లే?" అని అడిగాను.

"ఏం లేదన్నా. టీ సల్లారిపోతాంది, తాగమంటాంది."

తిరిగొచ్చాక మూడుసార్లు అడిగాను. రిటైరై వచ్చేసే రోజు ఎయిర్‌పోర్టులో కూడా అడిగాను. ప్రతిసారీ అదే జవాబు. టీ తాగమనడానికి అంతసేపు పట్టదని నాకు భాష రాకపోయినా తెలుసు. ఆ మాటలు నాకోసం అన్నవి, అవి ఆమె దగ్గరే ఉండిపోయాయి. ఆ పూట మాత్రం ఇంకేమీ అనకుండా, ఎడమచేత్తో ఫోన్ అట్లాగే పట్టుకుని, ఇద్దరూ చూస్తుండగా ఆ చల్లారిన టీ మొత్తం తాగాను.